నీళ్లు తాగమంటాం సరే, వెళ్లే చోటేది?

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే వరంగల్, ములుగు, మహబూబాబాద్ పల్లెల్లో ఆటోల నిండా ఆడవాళ్లు మిరపకాయ ఏరడానికి బయల్దేరతారు. వెంట సద్ది గిన్నె, నీళ్ల సీసా ఉంటాయి. సద్ది అయిపోతుంది, సీసాలో నీళ్లు మాత్రం సాయంత్రానికి సగం మిగిలే ఉంటాయి. ఎందుకు తాగలేదని అడిగితే, "తాగితే యాడికి పోవాలె?" అంటారు. చుట్టూ మగ కూలీలు, చాటులేని చేను, చేతులకు మిరప ఘాటు.

దీన్ని తెలియనితనం అనడం అన్యాయం. హన్మకొండ బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలూ ఇదే లెక్క వేసుకుంటారు. నేను చదివిన బడిలో బాత్రూం తాళంచెవి స్టాఫ్ రూంలో ఉండేది. సార్లను అడగలేక ఇంటికి వెళ్లేదాకా ఆపుకునేవాళ్లం.

ఆడవాళ్లలో మూత్రం బయటికి వచ్చే గొట్టం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో దాదాపు 20. అందుకే పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా వీళ్ల మూత్రాశయానికి తేలిగ్గా చేరుతుంది. నీళ్లు తాగక, వచ్చినప్పుడు వెళ్లక ఉంటే అది అక్కడే పెరుగుతుంది. మూత్రంలో మంట మొదలైతే మన ఇళ్లల్లో ఒకటే మాట, "వేడి చేసింది". బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరిబోండాం. ఒంట్లోకి నీళ్లు పోవడం మంచిదే. కానీ ఆ మాట చాటున ఇన్ఫెక్షన్ రోజుల తరబడి దాక్కుంటుంది. తర్వాత మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు గోలీలు, మంట తగ్గగానే మానేయడం. మళ్లీ వచ్చేసరికి అదే మందు పనిచేయకపోవచ్చు. చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీ దాకా పాకిందేమోనని అనుమానించాలి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. గర్భిణులకు మంట లేకపోయినా మూత్ర పరీక్ష తప్పనిసరి. పట్టించుకోకపోతే నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం ఉంది.

ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి ఉండాలని 1948 నాటి చట్టమే చెప్పింది. మిరప చేను ఫ్యాక్టరీ కాదు కాబట్టి అక్కడ అడిగేవాళ్లు లేరు. నాలుగు కర్రలు, ఓ పాత చీర, బిందెడు నీళ్లు, ఒక సబ్బు రైతుకు పెద్ద ఖర్చేం కాదు. రోజు కూలి ఎంతో, ఆటో కిరాయి ఎవరిదో మాట్లాడుకునేటప్పుడే ముఠా మేస్త్రీ ఈ చాటు సంగతి కూడా తేల్చుకోవాలి.