టార్గెట్ గారికి వార్షిక అప్రైజల్

మహారాజశ్రీ టార్గెట్ గారికి,

రాజమండ్రి బ్యాంకు బ్రాంచి లోన్ కౌంటర్ నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ల్యాబ్ రిపోర్టు ఒప్పుకోవడం లేదు. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 6.2 వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు మనిషి, 6.5కి చేరితే షుగర్ పేషెంటు, మధ్యలో వేలాడేవాడు ప్రీడయాబెటిక్. అంటే ఇంకా 0.3 బాకీ. మా ఏరియా మేనేజర్ గారికి చూపిస్తే అలవాటు కొద్దీ "కొంచెం పుష్ చేస్తే క్లోజ్ అయిపోతుంది కదండీ" అంటారేమోనని ఆయన ముందు కవరు తెరవలేదు.

ఏటా ఏప్రిల్‌లో తమరు మాకు మార్కులు వేస్తారు. ఈసారి తమకు నేను వేద్దామనుకుంటున్నాను. కంగారు పడకండి, పద్ధతి తమరు నేర్పిందే.

ముందు తమ పుట్టుపూర్వోత్తరాలు. ముంబైలో ఎక్కడో ఎక్సెల్ షీటులో సన్నగా పుడతారు. జోనల్ ఆఫీసు వాళ్లు "సేఫ్టీకి" కాస్త కలుపుతారు, ఏరియా ఆఫీసు వాళ్లు వాళ్ల సేఫ్టీకి ఇంకాస్త కలుపుతారు, మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తలుపు పట్టనంత ఒళ్లు చేస్తారు. ఇంత దూరం ప్రయాణంలో తమరిని మోయాల్సినవాణ్ణి "ఎంత మోయగలవయ్యా" అని అడిగినవాడు ఒక్కడూ లేడు. బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చిన కౌలురైతుకు ఇన్సూరెన్స్ పాలసీ ఎందుకని నాకు అనిపించవచ్చు. కానీ అనిపించడానికి ఎక్సెల్‌లో కాలమ్ లేదు.

అసలు కిటుకంతా ఇక్కడే ఉందట. 1979లోనే అమెరికాలో రాబర్ట్ కారసెక్ అనే ఆయన ఈ సంగతి రాసిపెట్టాడు. పని ఎక్కువ ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదు, ఆ పని మీద తన మాట చెల్లకపోతేనే అసలు ఒత్తిడి అని. పని బోలెడు, అధికారం నిల్. తమరి బయోడేటా ఆయనకు ఎలా దొరికిందో గానీ ఫొటో సహా అచ్చేసినట్టుంది.

ఇప్పుడు తమరి పనితీరు. పొద్దున తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో బ్రాంచీల ర్యాంకుల స్క్రీన్‌షాట్ పడుతుంది. అందులో మా పేరు ఎర్రగా కనిపించగానే ఒంట్లో ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు లేస్తాయి. ఏదో ఆపద వచ్చింది కాబోలు, మనిషి పరిగెత్తుతాడని కాలేయం పాపం దాచుకున్న గ్లూకోజు తీసి రక్తంలోకి పంపుతుంది. నేను పరిగెత్తను. కుర్చీలోనే కూర్చుని "నోటెడ్ సార్" అని టైపు చేస్తాను. ఆ గ్లూకోజు ఎక్కడికీ పోక రక్తంలోనే తిరుగుతుంది. పైగా కార్టిసాల్ ఉన్నచోట, గ్లూకోజును లోపలికి తీసుకోమని చెప్పే ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినవు. అంటే ఇన్సులిన్ పరిస్థితీ మా బ్రాంచి మేనేజర్ పరిస్థితే. బాధ్యత ఉంది, మాట చెల్లదు. ఎప్పుడో ఒకసారైతే ఒళ్లు సర్దుకుంటుంది. రోజూ పొద్దున కాల్, సాయంత్రం కాల్ అంటే ఎక్కడ సర్దుకుంటుంది?

ఇక మధ్యాహ్నం భోజనం మూడున్నరకు. ఈలోగా ఆకలి చంపడానికి చక్కెర ఎక్కువేసిన టీ, పక్కన సమోసా. నెల బాగుంటే పైవాళ్లు తాపేశ్వరం కాజాలు పంపుతారు. బాగోకపోతే టెన్షన్‌లో మేమే రాత్రి పదింటికి బిర్యానీ తెప్పించుకుంటాం. తమరిని కొట్టినా షుగరే, కొట్టలేకపోయినా షుగరే. ఇంత పకడ్బందీ స్కీము మా బ్యాంకు కూడా ఇంతవరకు తేలేదు.

మార్చి నెలాఖరు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1999లో షికాగోలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను వరసగా 6 రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, ఒంట్లో గ్లూకోజును సర్దుకునే శక్తి వాళ్లకు బాగా పడిపోయింది. ఆ కుర్రాళ్లు ప్రయోగానికి ఒప్పుకుని వచ్చినవాళ్లు. తర్వాత కంటినిండా నిద్రపోనిచ్చారు కూడా. మాకు మార్చి 31 రాత్రి ముగిసి ఏప్రిల్ 1 తెల్లారేసరికి తమరు మళ్లీ సున్నా నుంచి మొదలు.

సరే, ఫలితాల దగ్గరికి వద్దాం. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో 5 వేలమందికి పైగా ఉద్యోగులను సగటున 13 ఏళ్ల దాకా గమనిస్తే, పని ఎక్కువ, అధికారం తక్కువ ఉన్నవాళ్లకు షుగర్ ముప్పు 45 శాతం ఎక్కువ తేలింది. శభాష్. కానీ 2014లో యూరప్ అధ్యయనాలు కొన్ని కలిపి లక్షా పాతికవేలమంది దాకా లెక్క తీస్తే, తమరి పేరు మీద తేలిన అదనపు ముప్పు 15 శాతం దగ్గర ఆగింది. వంశం, పొట్ట, కదలకుండా కూర్చోవడం, తిండి, వయసు... ఇవన్నీ తమరితో పాటు బరిలో ఉన్నాయి మరి. మా నాన్నగారికీ షుగర్ ఉంది, ఆయన జీవితంలో స్క్రీన్‌షాట్ చూడలేదు. కాబట్టి మొత్తం నేరం తమరి మీద మోపను. నా బాధ వేరే. మేము 85 శాతం తెచ్చినా "మిగిలిన 15 ఏదయ్యా" అని నలుగురిలో నిలదీసే తమరు, సొంత పనిలో 15 తెచ్చి ఊరుకుంటారా? తమరి పేరు కూడా ఎర్రరంగులోకే.

లండన్ ప్రభుత్వోద్యోగులను 1985 నుంచి వెంబడిస్తున్న వైట్‌హాల్ అధ్యయనంలో ఇంకో ముక్క ఉంది. పని ఒత్తిడికి తోడు, ఆఫీసులో పక్కన నిలబడేవాళ్లు కూడా లేని ఆడవాళ్లలో షుగర్ ముప్పు బాగా పెరిగిందట. మగవాళ్లలో ఆ సంబంధం తేలలేదు. మా క్యాషియర్ మేడమ్‌కి ఇది చదివి వినిపిస్తే ఏమీ ఆశ్చర్యపోలేదు. ఏడున్నర కాల్‌ను మ్యూట్‌లో పెట్టి పిల్లలకు చపాతీలు చేస్తూ "ఇది కనిపెట్టడానికి లండన్ దాకా ఎందుకండీ" అన్నారు.

తమరికి పెద్దల అండ కూడా ఉంది. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారు 90 దాకా వెళ్లారు. 2015లో రెండు లక్షల ఇరవైవేలమందికి పైగా సమాచారం కలిపి చూసినవాళ్లు మాత్రం 55 దగ్గరే ఆగి లెక్క కట్టారు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసే చిన్న ఉద్యోగులకు షుగర్ ముప్పు దాదాపు 30 శాతం ఎక్కువ. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లకు అలాంటి తేడా కనిపించలేదు. సలహా ఒకరిది, షుగరు ఇంకొకరిది.

మేనేజ్‌మెంట్ మా ఆరోగ్యం పట్టించుకోదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నవంబరు 14న, ప్రపంచ మధుమేహ దినం నాడు, ఏరియా ఆఫీసు హాల్లో వేలు గుచ్చి ఉచితంగా షుగర్ చూశారు. అదే హాల్లో వెంటనే రివ్యూ మీటింగ్. మీటింగ్ అయ్యాక ఇంకోసారి గుచ్చి చూస్తే ఎవరికెంత పెరిగిందో తెలిసేది. తర్వాత ఒత్తిడిని జయించడం ఎలాగో చెప్పే వెబినార్ పెట్టారు, ఆదివారం పొద్దున. ప్రతి బ్రాంచి నుంచి నూరు శాతం హాజరు ఉండాలి, రానివాళ్లు కారణం రాసివ్వాలి. ఇప్పుడు నడక యాప్ ఒకటి వచ్చింది. రోజుకు 10 వేల అడుగులు, బ్రాంచీల వారీగా ర్యాంకులు, వెనకబడినవాళ్లకు గ్రూపులో ప్రశ్నార్థకం. మా అటెండర్ ఫోన్ చేతిలో పట్టుకుని ఊపుతూ బ్రాంచి పరువు కాపాడుతున్నాడు. తమరికి విరుగుడుగా తమరినే పంపడం మామూలు బుర్రకు తట్టే ఆలోచన కాదు.

ఆ వెబినార్‌లో "లైఫ్‌స్టైల్ మార్చుకోండి" అన్నారు. తప్పకుండా. చెన్నైలో చేసిన పరీక్షలోనే తిండి, నడక మార్చుకున్న ప్రీడయాబెటిక్‌లలో షుగర్‌లోకి జారేవాళ్లు పాతిక శాతానికి పైగా తగ్గారు. నేనూ నడుస్తాను, అన్నం తగ్గిస్తాను, టీలో చక్కెర మానేస్తాను. కానీ భోజనం వేళ, ఇల్లు చేరే వేళ, పడుకునే వేళ తమరు నిర్ణయిస్తుంటే, అది నా లైఫ్‌స్టైల్ ఎలా అయిందో కాస్త చెప్పమనండి.

డాక్టరు గారు మాత్రం నాకో కొత్త టార్గెట్ ఇచ్చారు. మూడు నెలల్లో 6 లోపుకి రావాలి. జీవితంలో మొదటిసారి, అంకె తగ్గితే మెచ్చుకునే టార్గెట్. దాని గురించి నన్ను ముందుగా అడిగారు కూడా, "కుదురుతుందా, ఎక్కడ కష్టం?" అని. తమరి వంశంలో ఇంత మర్యాదస్థులున్నారని ఇన్నాళ్లూ తెలియదు.

ఒక శుభవార్త కూడా చెప్పాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షలు, నాలాంటి ప్రీడయాబెటిక్‌లు 13 కోట్ల 60 లక్షలు. తమరి భాషలో వీళ్లంతా లీడ్స్, అంటే కాబోయే కస్టమర్లు. ఎంత మార్కెట్టు మిగిలి ఉందో చూడండి! అన్నట్టు, గత నెల మాకు కొత్త టార్గెట్ వచ్చింది, ఆరోగ్య బీమా అమ్మమని. ఫారంలో మూడో ప్రశ్న "షుగర్ ఉందా". కస్టమర్‌కి చదివి వినిపిస్తూ గొంతు సవరించుకోవాల్సి వస్తోంది.

అన్నీ పరిశీలించాక తమరికి ఇస్తున్న రేటింగ్: "మెరుగుపడాలి". ఇంక్రిమెంటు లేదు. వచ్చే ఏడాదికి తమరి లక్ష్యాలు ఇవీ: ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు, ఆదివారం కనిపించకూడదు, బ్రాంచికి వచ్చేముందు బ్రాంచిని ఒక మాట అడగాలి. రేటింగ్ మీద అభ్యంతరముంటే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అలాంటి అప్పీళ్లు ఎవరు వింటారో, ఏ గదిలో కూర్చుంటారో మాకు ఇన్నేళ్ల సర్వీసులో తెలియలేదు. తమరికి తెలిస్తే ఆ అడ్రసు ఇటు కూడా పంపించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
లోన్ కౌంటర్, రాజమండ్రి