మబ్బును పిండే ముందు

ఈశాన్య రుతుపవనాల రోజులు వచ్చేశాయి. తిరుపతిలో పొద్దున్నే శేషాచలం వైపు చూసి ‘కొండ మీద మోడం పట్టింది, సాయంత్రానికి వాన ఖాయం’ అనే పెద్దలు వీధికి ఒకరైనా ఉంటారు. ఆ మాట వెనుక శాస్త్రమూ ఉంది. బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమగాలి కొండకు తగిలి పైకి లేస్తుంది. లేచేకొద్దీ చల్లబడుతుంది, అందులోని ఆవిరి సన్నటి చుక్కలై మబ్బు కడుతుంది. ఘాట్‌ రోడ్డులో పట్టపగలు లైట్లు వేసుకుని బస్సు నడిపే డ్రైవరుకు ఎదురయ్యేది ఆ మబ్బే.

వాన మొహం చాటేసినప్పుడు మాత్రం మనకు తోచేవి రెండే: వరుణజపం, మేఘమథనం. జపం విశ్వాసానికి సంబంధించింది, దాని జోలికి పోం. మేఘమథనం ప్రజల సొమ్ముతో చేసే ఇంజినీరింగ్‌ పని. దాన్ని ప్రశ్నించాల్సిందే.

మబ్బులోని చుక్క మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అలాంటివి సుమారు పది లక్షలు కలిస్తేనే నేలకు దిగగల ఒక చినుకు. మబ్బులో రేణువులు చల్లి, చుక్కలు చినుకులుగా ఎదగడానికి సాయం చేయడమే మేఘమథనం. 1946లో అమెరికాలో షేఫర్‌ అనే శాస్త్రవేత్త చల్లటి మబ్బులో డ్రై ఐస్‌ (గడ్డకట్టిన కార్బన్‌ డయాక్సైడ్‌) చల్లి మంచు రేణువులు కట్టించాడు. అదే ప్రయోగశాలలో వానెగట్‌ సిల్వర్‌ అయొడైడ్‌ అనే రసాయనంతోనూ ఆ పని అవుతుందని చూపాడు. రాయలసీమ మీద కూడా 2000 దశకంలో ఇలా రసాయనాలు చల్లే విమానాలు తిరిగాయి. అవి తిరిగాక వాన పడితే మథనం ఫలించిందన్నారు. విమానం రాకున్నా ఆ వాన పడేదేమో కదా అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు.

ఆ జవాబు కోసమే పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తలు సోలాపూర్‌లో 2018, 2019 వానాకాలాల్లో కొన్ని మబ్బుల్లో లవణ కణాలు చల్లారు, అలాంటివే మరికొన్నింటిని ముట్టుకోకుండా వదిలేశారు. రెండింటినీ పోల్చి చూస్తే, గాలివాలున దాదాపు 100 చదరపు కిలోమీటర్ల మేర సగటున 18 శాతం వాన పెరిగిందని తేల్చారు. 18 శాతం తీసిపారేయదగ్గది కాదు. అయితే లేని మబ్బును ఏ విమానమూ పుట్టించజాలదు. నిజమైన కరువు ఏడాది ఆకాశంలో పిండదగ్గ మబ్బే కరువు, ఇక 18 శాతం దేని మీద లెక్క కడతాం? కట్టలు తెగిన, కాలువలు పూడిన చెరువుల్ని అలాగే వదిలేసి విమానం వైపు చూడటం మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నట్టే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పారిన నీళ్లు ఎక్కడ నిలవాల్సినవో అందరికీ తెలుసు.

మబ్బును పిండటం తర్వాత, ముందు దాన్ని చదవాలి. ఆ చదువు మన గడప ముందే ఉంది. తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల పనిచేస్తోంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌ 1024 యాంటెన్నాలతో మైదానమంతా పరుచుకుని, మబ్బు లేని ఆకాశంలో కూడా గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో పసిగడుతుంది. దేశం గర్వించదగ్గ ఈ విద్య పరిశోధన పత్రాల్లోనే ఆగిపోకూడదు. మామిడి పూత మీదున్నప్పుడు రెండు మూడు రోజులు మోడం కమ్ముకుంటే చాలు, తేనెమంచు పురుగు విజృంభిస్తుంది. ఆకులు జిగురెక్కుతాయి, ఆ జిగురు మీద మసి తెగులు పాకుతుంది. మందు ఈరోజే కొట్టాలా, ఒక్క పూట ఆగాలా అన్నది చిత్తూరు రైతుకు డబ్బుతో కూడిన టెన్షన్‌. వేరుశనగ రైతు కోరుకునే మబ్బు, మామిడి రైతుకు గుబులు. జిల్లా మొత్తానికి కలిపి ఒకే మాట చెప్పే వాతావరణ సూచన ఇక్కడ చాలదు. మండలం వారీగా, తెలుగులో, పంటను బట్టి చెప్పే ఏర్పాటు కావాలి. గాదంకి, వ్యవసాయ శాఖ కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని ఇది.

బడి సంగతీ చూడాలి. మబ్బులకు నేటికీ వాడే శాస్త్రీయ నామాలకు 1802లో పునాది వేసిన ల్యూక్‌ హోవర్డ్‌ లండన్‌లో మందులు తయారుచేసే మనిషి. ఆకాశాన్ని తీరిగ్గా చూడటమే ఆయన అర్హత. 1821, 1822లలో చిత్రకారుడు కాన్‌స్టబుల్‌ ఆరుబయట నిలబడి మబ్బుల్ని గీస్తూ, బొమ్మ వెనుక తేదీ, వేళ, గాలి దిక్కు రాసిపెట్టుకున్నాడు. అందుకే అవి ఇప్పుడు వాతావరణ రికార్డులుగానూ పనికొస్తున్నాయి. అంతకు ఎంతో ముందే మన కాళిదాసు మబ్బంటే పొగ, వెలుగు, నీరు, గాలి కలయిక అన్నాడు. ధూళి, పొగ కణాలను పట్టుకునే ఆవిరి చుక్క కడుతుందని నేటి శాస్త్రమూ చెబుతోంది, ఆ పొగను కవి ముందే లెక్కలో వేసుకోవడం ముచ్చటగా ఉంటుంది.

మన బళ్లలో మాత్రం మబ్బంటే డ్రాయింగ్‌ పుస్తకంలో నీలిరంగు మీద మూడు తెల్ల గుండ్లు. కొండ కనిపించే ప్రతి బడిలోనూ ఈ మూడు నెలలు వారానికో పీరియడు పిల్లల్ని ఆరుబయట కూర్చోబెట్టి, కనిపించిన మబ్బును కనిపించినట్టే గీయించాలి. వెనుక తేదీ, వేళ, గాలి దిక్కు, ఆ రోజు వాన పడిందా లేదా రాయించాలి. డ్రాయింగ్‌ మాస్టారు, సైన్సు టీచరు కలిసి నడిపితే మేలు. పక్కన స్కేలు అంటించిన నిలువు సీసా ఒకటి పెడితే వానను కొలవడమూ వస్తుంది. దీనికి బడ్జెట్‌ అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. విద్యాశాఖ నుంచి ఒక్క సర్క్యులర్‌ చాలు, అదీ ఈ నెలలోనే రావాలి. డిసెంబరు దాటితే మళ్లీ వచ్చే ఏడాదే.