ఫ్రిజ్ తలుపు మీది తీర్మానం గారికి

గౌరవనీయులైన క్రిస్మస్ తీర్మానం గారికి వందనాలు.

క్షేమమేనా అని అడగను. ఇవాళ మధ్యాహ్నం మిమ్మల్ని అయస్కాంతం కిందనుంచి లాగి, తిరగేసి, మీ వీపు మీద బజారు లిస్టు రాయడం కళ్లారా చూశాను.

పోయిన జనవరిలో మీరు పుట్టినప్పుడు ఎంత మర్యాద! ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఏటేటా కొట్టుకోవడం ఎందుకు, ఒక్కసారే రాసేసుకుందాం అన్నది మావయ్యగారు. రాసింది మా ఆయన. సంతకాలు ఎనిమిది. మా చిన్నదానికి సంతకం రాదు కాబట్టి పేరులో మొదటి అక్షరం రాసి పక్కన ఒక పువ్వు వేసింది. చెట్టు ఉంటుంది, శాంటా ఉండడు, గిఫ్టు మనిషికి ఒకటే, పండగ ముందురోజు రాత్రి లైట్లు ఆర్పేసి కొవ్వొత్తి వెలుగులో లూకా రెండో అధ్యాయం, అంటే యేసు పుట్టిన కథ. అడుగున రెండు గీతలు కొట్టి 'ఇదే ఫైనల్'. ఆ ఫైనల్ పదకొండు నెలలు చెక్కు చెదరకుండా నిలబడింది, అంటే పండగ లేనన్నాళ్లూ అన్నమాట. అభినందనలు.

ఇవాళ పొద్దున మీ మాట నమ్మి అటక ఎక్కాను. చెట్టు పెట్టె ఎంత బరువో మీకు తెలియదు, మీరు కాగితం. దించి, దుమ్ము దులిపి, ఏడాదంతా నలిగి ముద్దయిపోయిన తీగ కొమ్మల్ని ఒక్కొక్కటే విప్పి, వంకర తీసి, వెలగని బల్బుల దండని మూడుసార్లు విప్పి మూడుసార్లు చుట్టి, చివర నక్షత్రం పెట్టేసరికి మూడు గంటలు. వేళ్ల నిండా ఆకుపచ్చ ప్లాస్టిక్ పొట్టు. సరిగ్గా అప్పుడు బావగారు వచ్చారు, ఫోన్‌లో ఒక వీడియో పట్టుకుని.

చెట్టు అన్యాచారమట, అంటే విగ్రహాలకి మొక్కేవాళ్ల ఆచారమట. బైబిల్లో యిర్మీయా ప్రవక్త పుస్తకం పదో అధ్యాయంలో ఉందట: అడవిలో చెట్టు నరకడం, వెండి బంగారాలతో అలంకరించడం, కదలకుండా మేకులు కొట్టడం. నాలుగో వచనం దాకా చదివి, కళ్లద్దాలు తీసి, అందరి వంకా చూశారు. అత్తయ్యగారు 'నిజమే కదా' అన్నారు. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. మీ మీద సంతకం పెట్టిన ఎనిమిది మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మీ వైపు వేలు చూపించలేదండీ.

బావగారూ, అది చెట్టును చెక్కి దేవుడని మొక్కేవాళ్ల గురించి కదా, ఈ ప్లాస్టిక్ దానికి ఇంట్లో ఎవరం మొక్కడం లేదే అన్నాను. వినలేదు. సరే అని నేనే బైబిల్ తీసి ఐదో వచనం చదివాను, ఎందుకంటే నాలుగు తర్వాత ఐదు వస్తుంది. అవి మాట్లాడలేవు, నడవలేవు, కీడూ చేయలేవు, మేలూ చేయలేవు, వాటికి భయపడకండి అని ఉంది. ఇంకో మాట కూడా ఉంది: వాటిని ఎవరో ఒకరు మోయాలి. అక్కడ నాకు నోట మాట రాలేదు. రెండు వేల ఆరొందల ఏళ్ల కింద ప్రవక్తకి తెలిసిన సంగతి మా ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియలేదు. చెట్టు నడవదు. అటక మీంచి దానంతట అది దిగదు, దానంతట అది ఎక్కదు. ఉంచాలా తీసేయాలా అని వచనాలు తిరగేసేవాళ్లలో దాన్ని ఒక్కసారైనా మోసినవాళ్లు ఎంతమంది? ఎత్తండి చేతులు.

అన్నిటికీ అదే కొలత వాడితే నాకింత మండేది కాదు. గిఫ్టులు వాక్యంలో ఉన్నాయట, జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు కాబట్టి. తెచ్చారు, పసిబిడ్డ యేసుకి తెచ్చారు, ఒకరికొకరు ఇచ్చుకోలేదు. పైగా ముగ్గురని సువార్తలో మత్తయి ఎక్కడా రాయలేదు, వాళ్లు వెళ్లింది పశువుల పాకకి కాదు, ఇంటికి. అయినా మన బొమ్మల సెట్టులో ముగ్గురూ పాకలోనే గొర్రెల పక్కన నిలబడి ఉన్నారు. వాళ్లని ఎవరూ అన్యులనలేదు, ఎందుకంటే ఆ సెట్టు కొన్నది బావగారే.

శాంటా సంగతి సరేసరి. పిల్లలకి అబద్ధం చెప్పకూడదని మీలో రాసుకున్నాం, బాగుంది. కానీ నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలోని మైరా అనే ఊళ్లో నికొలస్ అని ఒక బిషప్ ఉండేవాడని, ఆయన పేరే తిరిగి తిరిగి శాంటా అయిందని చెబితే అది నిజమే కదా అన్నాను. 'అదంతా ఎవరు చెబుతారు' అన్నారు. ఎవరు చెబుతారు, నేనే చెబుతాను, చెట్టు మోసినట్టే.

తేదీ కూడా లేచింది. డిసెంబరు 25 సూర్యదేవుడి పండగట. 354 నాటి రోమన్ పంచాంగంలో ఆ తేదీకి సూర్యుడి పండగా ఉంది, క్రీస్తు జననమూ ఉంది, ఏది ముందో పండితులే ఇంకా తేల్చుకోలేదు, మా హాల్లో మాత్రం నాలుగు నిమిషాల్లో తేలిపోయింది. అంత పట్టింపు ఉంటే అమెరికాలో మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు అనే కఠిన నిష్ఠ క్రైస్తవులు చేసినట్టు చేయాలి. 1659లో క్రిస్మస్ చేసుకున్నవాడికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681 దాకా ఎత్తేయలేదు. వాళ్లు కనీసం మొత్తం పండగనే వద్దన్నారు, ఆరోజు కూడా పనిలోకి వెళ్లారు. మనవాళ్లు పండగ ఉంచుతారు, సెలవు ఉంచుతారు, విందు ఉంచుతారు, నేను మూడు గంటలు కష్టపడింది మాత్రం తీసేస్తారు.

ఎవరి మనసులో వాళ్లు రూఢిపరచుకోండి అని పౌలు రోమీయులకి రాశాడు. పక్కవాళ్ల హాల్లో అని రాయలేదు.

చివరికి ఏం తేలిందో వినండి. చెట్టు వద్దు. నక్షత్రం ఉండొచ్చు, అది మత్తయి రెండులో ఉంది. మరి చెట్టు లేకుండా నక్షత్రం ఎక్కడ పెట్టాలి? ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పుడది మీ నెత్తిన, ఫ్రిజ్ మీద, టేపు వేసి ఉంది. ఒక కొన వంగిపోయింది. తలుపు తీసినప్పుడల్లా ఊగుతోంది. తూర్పు దేశపు జ్ఞానులు ఇవాళ బయలుదేరితే నేరుగా మా పాల ప్యాకెట్ల దగ్గరికి వస్తారు.

చెట్టుని మళ్లీ పెట్టెలో కుక్కింది నేనే. ఆ పెట్టెలోంచి వచ్చిన చెట్టు అదే పెట్టెలో ఎప్పుడూ పట్టదు. మూత మీద కూర్చుని టేపు వేస్తుంటే ఏడుపొచ్చింది, అన్యాచారానికి కాదు లెండి, నడుముకి.

మీ మీద నిజంగా కోపం లేదు. మీలో ఒక్క లైను జోలికి ఇవాళ ఎవరూ పోలేదు, లూకా రెండు. ముందురోజు రాత్రి మావయ్యగారు చదువుతారు. ఏటా అందులో 'కురేనియు' అనే అధికారి పేరు దగ్గర నాలుక మడత పడుతుంది. కొవ్వొత్తి వెలుగులో పిల్లలు నోళ్లు గట్టిగా మూసుకుని ఆ మాట కోసమే కాచుకుని ఉంటారు, ఆయన తడబడగానే ఒక్కసారిగా నవ్వుతారు, ఆయనా నవ్వి మళ్లీ మొదటినుంచి చదువుతారు. పోయినేడు నవ్వింది అందరికంటే ముందు బావగారే. ఇది ఏ కాగితం మీదా లేదు, దీనికి ఎవరం ఓటు వేయలేదు. మావయ్యగారు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ మాట సరిగ్గానే పలుకుతారని నాకు గట్టి అనుమానం.

జనవరిలో మీ స్థానంలో కొత్త తీర్మానం వస్తుందట. ఈసారి పెన్ను నా దగ్గర ఉంటుంది. మొదటి లైను: పెట్టె ఎవరు దించాలి, ఎవరు ఎక్కించాలి. ఆ లైనులో పేరు రాయించుకున్నవాళ్లే రెండో లైను గురించి మాట్లాడాలి.

అప్పటిదాకా బజారు లిస్టు ఫ్రిజ్ తలుపువైపు ఉండేలా మిమ్మల్ని తిప్పి పెట్టాను. పువ్వు కనిపిస్తోంది.

ఇట్లు,
మీ అడుగున ఉన్న మూడో సంతకం