మీ మెయిళ్ళు హార్డ్‌డిస్కులోనే ఉన్నాయి

ఆడిటర్‌గా పనిచేసే మిత్రుడొకాయన ఓ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. కరెంటు పోయి వచ్చిందట. యూపీఎస్ ఎప్పుడో చచ్చింది. కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. తొమ్మిదేళ్ళ ఉత్తరాలు! మర్నాడు రిపేరు షాపుకి పట్టుకెళ్తే అక్కడి కుర్రాడు ఐదు నిమిషాలు చూసి, "డేటా పోయింది సార్, ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేద్దాం" అన్నాడు. ఫార్మాట్ కొట్టనివ్వకుండా ఆపడమే నేను చేసిన ఘనకార్యం. మిగతాది పది నిమిషాల పని. ఆ తొమ్మిదేళ్ళూ ఒకే ఒక్క పెద్ద ఫైలుగా ఆ డిస్కులోనే పడున్నాయి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రాముల్లో "పోయింది" అనుకున్న మెయిల్ తరచూ పోదు, కనబడదంతే. ఈ సంగతి వాడేవాళ్ళకి తెలియకుండా ఉండేలా ఈ ప్రోగ్రాములు తయారయ్యాయి. నా గొడవంతా దాని గురించే.

థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం సంగతి చూడండి. ఒక్కో ఫోల్డర్‌కి మామూలుగా రెండు ఫైళ్ళు పెడుతుంది. ఒకటి ఎంబాక్స్. మెయిళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి చేర్చిన సాదా టెక్స్ట్ ఫైలు, 1970లలో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంతో మొదలైన పద్ధతి. రెండోది అదే పేరు చివర ఎంఎస్ఎఫ్ అని ఉండే చిట్టా. తెరమీద మనం చూసే జాబితా ఈ చిట్టాలోంచి వచ్చేదే. చిట్టా చెడితే ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపించొచ్చు. ప్రోగ్రాం మూసి, ఆ ఎంఎస్ఎఫ్ ఫైలొక్కటి తీసేసి మళ్ళీ తెరిస్తే, అసలు ఫైలు చదువుకుని కొత్త చిట్టా రాసుకుంటుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో "రిపేర్ ఫోల్డర్" అనే బటన్ చేసే పనీ ఇదే. ఏం చేసే ముందైనా ప్రొఫైల్ ఫోల్డర్ (మీ మెయిళ్ళూ సెట్టింగులూ ఉండేది) మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలన్నది వేరే చెప్పాలా!

డిలీట్ కథ ఇంకా బాగుంటుంది. పాప్ ఖాతాలో, అంటే మెయిళ్ళు సర్వర్ నుంచి మీ కంప్యూటర్‌లోకి దిగే రకంలో, మీరు ఒక మెయిల్ డిలీట్ కొడితే దాని నకలు ట్రాష్‌లోకి వెళ్తుంది. ఇన్‌బాక్స్ ఫైల్లోని అసలు ప్రతి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాని తలభాగంలో ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అనే వరుసలో అంకె మారుతుంది. ట్రాష్ ఖాళీ చేసినా ఈ ప్రతికి ఏమీ కాదు. టెక్స్ట్ ఎడిటర్‌లో ఆ ఫైలు తెరిచి 0009ని 0001గా మార్చి, చిట్టా తీసేసి, ప్రోగ్రాం తెరవండి. చచ్చిన ఉత్తరం లేచి కూర్చుంటుంది. తెలుగు మెయిల్ కోసమైతే తెలుగు మాటలతో వెతక్కండి, చాలాసార్లు దొరకవు. మన అక్షరాలు ఆ ఫైల్లో సంకేతాలుగా మారి ఉంటాయి. పంపినవాళ్ళ అడ్రసుతోనో తేదీతోనో వెతకడం మేలు.

మరి నిజంగా తుడిచేది ఏది? "కాంపాక్ట్". పేరు చూస్తే బట్టలు మడతపెట్టినంత అమాయకంగా ఉంటుంది. డిస్కులో ఇంత జాగా తిరిగొస్తుందని ఊరించి అనుమతి అడుగుతుంది. డిలీట్ చేసినవాటిని వెనక్కి తెచ్చుకునే చివరి దారి మూసుకుపోతుందని ఆ ప్రశ్నలో ఎందుకు లేదు? టెరాబైట్ల డిస్కులు వచ్చాక మెయిల్ ఫోల్డర్‌లో నాలుగు మెగాబైట్లు ఆదా చేసి ఎవర్ని ఉద్ధరించాలి?

అయినా థండర్‌బర్డే నయం, ఆ ఫైలు తెరిస్తే కనీసం మనిషి కంటికి ఏదో ఒకటి కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ మెయిళ్ళు దాచే పీఎస్టీ ఫైలు అలా కాదు. 2002 వెర్షన్ దాకా అది 2 గిగాబైట్ల గీత దాటితే తెరుచుకోకుండా మొరాయించేది. అదనపు భాగాన్ని కోసేసే పనిముట్టు మైక్రోసాఫ్టే ఇచ్చింది, అంటే కొన్ని మెయిళ్ళు వదులుకుంటేనే మిగతావి దక్కేవి. 2003 నుంచి ఆ పరిమితి పెరిగింది. విరిగిన పీఎస్టీని బాగుచేసే స్కాన్‌పీఎస్టీ ఆఫీసుతోపాటే వస్తుంది, కానీ స్టార్ట్ మెనూలో కనిపించదు, ప్రోగ్రాం ఫోల్డర్ల లోతుల్లో దాక్కుని ఉంటుంది. పీఎస్టీ ఫైలు లోపలి అమరిక వివరాలను 2010లో కంపెనీ బయటపెట్టిన మాట నిజమే. ఏ ఆడిటర్ ఆ పత్రం చదివి తన ఉత్తరాలు తెచ్చుకుంటాడు? "ఫ్రీ స్కాన్" అని చూపించి, దొరికినవి బయటికి తీయడానికి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్లు బతికేది ఈ చీకట్లోనే.

ఇదంతా పాతకాలం గోల, జీమెయిల్లో అన్నీ భద్రంగా ఉంటాయి కదా అనేవాళ్ళున్నారు. సౌకర్యం ఉంది, కాదనను. కానీ ఐమ్యాప్‌లో, అంటే మెయిళ్ళు సర్వర్‌లో ఉండి అన్నిచోట్లా ఒకేలా కనిపించే పద్ధతిలో, ఫోన్‌లో డిలీట్ కొడితే కంప్యూటర్‌లోనూ పోతుంది. అది అద్దం, బీరువా కాదు. జీమెయిల్ ట్రాష్ గడువు 30 రోజులు. రెండేళ్ళు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది. 2011 ఫిబ్రవరిలో ఒక అప్‌డేట్ తప్పు వల్ల జీమెయిల్ వాడేవాళ్ళలో 0.02 శాతం మందికి మెయిళ్ళు మాయమైతే, గూగుల్ వాటిని ఎక్కణ్ణుంచి తెచ్చిందో తెలుసా? టేపుల్లోంచి! అవును, చుట్టచుట్టిన అయస్కాంత టేపులు. మేఘాల (క్లౌడ్) వ్యాపారం చేసేవాడు తన ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంచుకున్నాడు, మనకి మాత్రం అక్కర్లేదట.

అందుకే ఏ ప్రోగ్రాం కొనేవాళ్ళైనా, వాడేవాళ్ళైనా ఒక్కటే అడగాలంటాను. నువ్వు లేని రోజున నా ఉత్తరం నేను చదువుకోగలనా?

ఈ ప్రశ్న మెయిల్‌తో ఆగదు, తెలుగువాళ్ళకి ఇంకా గట్టిగా తగులుతుంది. 1990లలో ఇంటర్నెట్‌లో తెలుగు చూపించే దారి సరిగా లేనప్పుడు, అమెరికాలోని మనవాళ్ళు రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసుకునేవారు. ఇంగ్లిష్ అక్షరాలే, పెద్ద టీ అయితే ట, చిన్న టీ అయితే త. చూడ్డానికి వికారంగా ఉండేది, నేనూ నవ్వాను. అదే కాలంలో ఇక్కడ డీటీపీ సెంటర్లలో అందమైన ఫాంట్లు రాజ్యమేలాయి. అన్ని భాషల అక్షరాలకీ ఒకే లెక్క ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మన అచ్చు ప్రపంచం చాలా ఏళ్ళు అటు చూడనేలేదు. ఒక్కో ఫాంటుకి ఒక్కో లెక్క. ఆ ఫాంటు లేకపోతే రాసింది రాసినవాడికే అర్థం కాదు.

మా నాన్నగారి వ్యాసాలు 2003లో డీటీపీ చేయించిన సీడీ ఒకటి నా దగ్గర ఉంది. తెరిస్తే పేజీల నిండా యూరోపియన్ అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు. అదే ఏడాది ఆయన డాలస్‌లో ఉన్న మా అన్నయ్యకి ఆర్‌టీఎస్‌లో, తప్పులతడకగా, కొట్టిన మెయిళ్ళు మాత్రం ఎంబాక్స్ ఫైల్లో ఉన్నాయి. మొన్న రాత్రి మళ్ళీ చదివాను. ఒకదాంట్లో ఆ ఏడు ఆవకాయకి కాయ ఎంత పెట్టి కొన్నారో రాశారు.