లైసెన్సు రద్దు చేస్తే సరా? పోయిన డబ్బెవరిస్తారు?

సంక్రాంతికి కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫ్రీమాంట్‌లోని స్నేహితుల ఇంటికి వెళ్లాను. ఇంటావిడ గరాజ్‌లో కూర్చుని ఇండక్షన్ స్టవ్ మీద అరిసెల పాకం పడుతోంది. పోపుల డబ్బా వాషింగ్ మెషీన్ మీద ఉంది. లోపలికి వెళ్తే వంటగది గోడలకి పలకలు (షీట్‌రాక్) లేవు. చెక్కల మధ్య నుంచి పసుపు రంగు కరెంటు వైర్లు వేలాడుతున్నాయి, చివర్లకి టేపు చుట్టి ఉంది. సింకు ఉండాల్సిన చోట రెండు రాగి గొట్టాలు, వాటికి మూతలు. కాంట్రాక్టర్ ఆ ఇంట్లో చివరిసారి అడుగుపెట్టింది ఆగస్టులో. పని మొత్తం 62 వేల డాలర్లకి మాట్లాడుకున్నారు. అప్పటికే 38 వేలు చేతిలో పెట్టారు. తర్వాత నెల రోజులు ‘వచ్చే వారం’ అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

అతనికి లైసెన్సు లేదా అంటే, ఉంది. సంతకం పెట్టే ముందు వీళ్లు కాలిఫోర్నియా కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు సైట్‌లో నంబరు కొట్టి చూశారు. ‘యాక్టివ్’ అని ఉంది, బాండ్ (కాంట్రాక్టర్ వల్ల నష్టపోయినవాళ్లకి డబ్బిచ్చే హామీ) ఉంది. ప్రభుత్వమే భరోసా ఇచ్చినట్టుంది కదా అని ధైర్యంగా డబ్బు కట్టారు.

చట్టం వరకు లోటేమీ లేదు. సరైన కారణం లేకుండా పని మధ్యలో వదిలేస్తే క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని కాలిఫోర్నియా బిజినెస్ చట్టంలోని 7107వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదు చేయడానికి నాలుగేళ్ల గడువుంది. ముందు బోర్డు మనిషి ఇద్దరికీ రాజీ కుదర్చాలని చూస్తాడు. కుదరకపోతే దర్యాప్తు, నోటీసు, జరిమానా, విషయం పెద్దదైతే జడ్జి ముందు విచారణ. చివరికి లైసెన్సు రద్దు కావచ్చు. రద్దయితే ఏడాది నుంచి ఐదేళ్ల దాకా మళ్లీ అప్లై చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత వచ్చినా పాత నష్టం తీర్చానని చూపించాలి.

అదంతా జరిగినా గరాజ్‌లో వండుకుంటున్న ఆ ఇల్లాలికి ఒరిగేదేమిటి? లైసెన్సు రద్దు చేస్తే రేపు మోసపోయేవాళ్లని కాపాడినట్టే, అందులో సందేహం లేదు. నిన్న మోసపోయినవాళ్లకి మాత్రం పైసా రాదు. రద్దయిన లైసెన్సు మళ్లీ అక్కర్లేదనుకున్నవాడికి పాత నష్టం తీర్చాల్సిన అవసరమే ఉండదు. వేరే రాష్ట్రానికి వెళ్లిపోతాడు, లేదా చిన్నాచితకా పనులు నగదు మీద చేసుకుంటాడు. ఇక బాండ్ అంటారా, 2023 జనవరి నుంచి దాన్ని 25 వేల డాలర్లకి పెంచారు. అది ఇంటికొక బాండ్ కాదు, ఆ కాంట్రాక్టర్ మొత్తానికీ ఒకటే. నాలుగిళ్లలో పని వదిలేసినవాడి బాండ్‌ని నాలుగిళ్లవాళ్లూ పంచుకోవాలి. చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్దామంటే అక్కడ ఒక మనిషి అడగగలిగేది 12,500 డాలర్ల వరకే. పెద్ద కోర్టుకి వెళ్లి తీర్పు తెచ్చుకుంటే, అతను ఆ డబ్బు కట్టకపోతే లైసెన్సు ఆగిపోతుంది. ఆ తీర్పు వచ్చేలోపు లాయరు ఫీజు ఎంతవుతుందో ఫ్రీమాంట్ చుట్టుపక్కల బే ఏరియాలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

మేరీలాండ్ రాష్ట్రం ఈ ముడి ఎప్పుడో విప్పింది. అక్కడ ఇంటి మరమ్మతుల కాంట్రాక్టర్లు కట్టే ఫీజులతోనే ఒక గ్యారంటీ ఫండ్ నడుస్తోంది. కాంట్రాక్టర్ పని సగంలో వదిలేశాడనో చెడగొట్టాడనో రాష్ట్ర కమిషన్ తేలిస్తే, ఇంటి యజమానికి జరిగిన నష్టాన్ని 30 వేల డాలర్ల వరకు ఫండ్ చెల్లిస్తుంది. ఫండ్ డబ్బిచ్చాక ఆ కాంట్రాక్టర్ లైసెన్సు సస్పెండవుతుంది. ఆ మొత్తం ఏడాదికి కనీసం 10 శాతం వడ్డీతో తిరిగి కట్టేదాకా లైసెన్సు చేతికి రాదు. మన ఊళ్లో నగ కుదువపెట్టి అప్పు తెచ్చినవాడు అసలు, వడ్డీ కట్టాకే నగ విడిపించుకుంటాడు. మేరీలాండ్‌లో లైసెన్సు అచ్చం ఆ నగలాంటిదే. ఇంటివాళ్ల నష్టం ముందు తీరుతుంది, వసూలు చేసుకునే తలనొప్పి ప్రభుత్వం నెత్తికెత్తుకుంటుంది. కాలిఫోర్నియా ఈ పద్ధతి తెచ్చుకోకపోవడానికి నాకు ఒక్క మంచి కారణం కూడా కనిపించడం లేదు.

అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. పని వదిలేసే తప్పు పని వదిలేసిన రోజున మొదలవదు. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతుల ఒప్పందానికి అడ్వాన్సుగా వెయ్యి డాలర్లు, లేదా ఒప్పందంలో 10 శాతం, ఈ రెండిటిలో ఏది తక్కువైతే అంతే తీసుకోవాలి. ప్రత్యేకమైన పెద్ద బాండ్ పెట్టుకున్న కొద్దిమందికే మినహాయింపు. ఆ తర్వాత కూడా జరిగిన పనికి, దిగిన సామానుకి మించి వసూలు చేయకూడదు. మీరితే జైలు శిక్ష దాకా పడే నేరం. అంటే 62 వేల పనికి మా స్నేహితులు మొదటి రోజు ఇవ్వాల్సింది వెయ్యి డాలర్లు. వాళ్లిచ్చింది 15 వేలు. ‘క్యాబినెట్లు ఆర్డర్ పెట్టాలి అన్నా, వేసేయండి’ అన్నాడట. ఆ చెక్కు కాపీ నేను చూశాను. ఒప్పందం మీదా చెక్కు మీదా ఒకటే తేదీ.

ఈ 15 వేలు ఎక్కడికి పోయి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఇలాంటి కాంట్రాక్టర్ల లెక్క చిట్టీలు తిప్పినట్టే ఉంటుంది. మీ అడ్వాన్సుతో ఇంకొకరి బాత్రూమ్ పూర్తవుతుంది, మీ వంటగది పూర్తి కావాలంటే మరొకరి అడ్వాన్సు రావాలి. కొత్త పని దొరకని నెలలో చిట్టీ ఆగిపోతుంది. ఆఖర్న చేరినవాళ్ల గోడలు అలా విప్పినవి విప్పినట్టే మిగిలిపోతాయి. అతను పుట్టుకతో మోసగాడేమీ కానక్కర్లేదు, లెక్క తప్పినా చాలు. అందుకే అడ్వాన్సు హద్దు మీరిన రోజునే బోర్డు కొరడా ఝళిపించాలి. గోడలు కూలగొట్టి ఆర్నెల్లయ్యాక వచ్చి విచారణ చేయడం కాలిన ఇంటికి తాళం వేయడం లాంటిదే. ఇంకో దెబ్బ కూడా ఉంది. కాంట్రాక్టర్ తమకి డబ్బివ్వలేదని క్యాబినెట్ల షాపువాడు, టైల్స్ వేసినవాడు మీ ఇంటి మీదే లీన్ (బాకీకి ఇంటిని తాకట్టులా పట్టే కాగితం) వేయొచ్చు. మీరు కాంట్రాక్టర్‌కి పూర్తిగా కట్టేసినా సరే, ఇల్లు అమ్మాలన్నా రీఫైనాన్స్ చేయాలన్నా ఆ కాగితం అడ్డం పడుతుంది.

కాంట్రాక్టర్ల వాదన కూడా వినాలి. సామాను ధరలు పెరుగుతాయి, ఇంటివాళ్లు మధ్యలో టైల్ మారుస్తారు, గోడ విప్పాక బూజు బయటపడుతుంది, చిన్న కాంట్రాక్టర్‌కి వెనక పెట్టుబడి ఉండదు, ఒక్క తగాదాకే బతుకుతెరువు తీసేస్తారా అంటారు. ధర పెరిగితే, పని మారితే రాతపూర్వకంగా కొత్త లెక్క రాసుకోవచ్చు, చట్టం దానికి దారి చూపింది. పెట్టుబడి లేనివాడు చిన్న పనులతో మొదలుపెట్టాలి. ఫోన్ ఎత్తకుండా మాయమవడానికి ఇవేవీ కారణాలు కావు.

మనవాళ్లకి సంబంధించి నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. అడ్వాన్సు రూలు ఒప్పందంలోనే రాసి ఉంటుంది. అయినా 15 వేలు ఎందుకిచ్చారు? ‘మనవాడే కదా’ అని. వాట్సాప్ గ్రూపులో ఎవరో నంబరిచ్చారు, ఇద్దరు ముగ్గురు ‘మా ఇల్లు కూడా చేశాడు’ అన్నారు, ఇంటికొచ్చి కాఫీ తాగి, తెలుగులో మాట్లాడి, మీదే ఊరని అడిగాడు. అలాంటివాడి ముందు రూలు తీస్తే అనుమానించినట్టుంటుందని మొహమాటపడ్డారు. ఇప్పుడు ఫిర్యాదు చేయడానికీ అదే మొహమాటం. గ్రూపులో రాస్తే గొడవవుతుందని నెల రోజులు ఆగారు. ఆ నెల రోజుల్లో అతను ఇంకెవరి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడో తెలియదు. టెక్సాస్‌లో అయితే పరిస్థితి మరీ ఘోరం. ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఇంత మంది తెలుగువాళ్లున్నారు. ఆ రాష్ట్రంలో ఎలక్ట్రీషియన్‌కి, ప్లంబర్‌కి లైసెన్సు కావాలి కానీ మొత్తం పని ఒప్పుకునే జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సే లేదు. రద్దు చేస్తామని బెదిరించడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇక హైదరాబాద్. ఈ స్నేహితులకే తెల్లాపూర్‌లో ఫ్లాట్ ఉంది, దాని వుడ్‌వర్క్ కోసం కొటేషన్లు తెప్పించుకుంటున్నారు. వచ్చిన మూడింటిలోనూ సగం డబ్బు ముందే అడిగారు. ఫ్లాట్ కట్టిన బిల్డర్‌ని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం పట్టుకుంటుంది, నిర్మాణ లోపాలుంటే ఐదేళ్ల దాకా అతనిదే బాధ్యత. అదే ఫ్లాట్‌లో మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ ఒప్పుకున్నవాడికి రెరా లేదు, లైసెన్సూ లేదు. విజిటింగ్ కార్డుంటే చాలు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ‘ఇది సివిల్ మ్యాటర్’ అంటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 50 లక్షల వరకు అక్కడే తేలుతుంది, రెండేళ్లలోపు కేసు వేయాలి, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని 2019 చట్టం చెబుతుంది, కేసులు మాత్రం ఏళ్ల తరబడి నడుస్తాయి. ఈలోగా సగం కోసిన ప్లైవుడ్ షీట్లు హాల్లో ఉబ్బిపోతుంటాయి. కాంట్రాక్టర్ పరారైతే ఎక్కడి నుంచో వచ్చి ఆ ఫ్లాట్‌లోనే పడుకుని పనిచేసే కార్పెంటర్లకి కూలీ కూడా ఎగ్గొట్టేస్తాడు. వాళ్ల తరఫున ఎవరూ మాట్లాడరు.

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దీనికి పెద్ద వ్యవస్థ అక్కర్లేదు. కొంత మొత్తం దాటిన ఇంటీరియర్ పని ఒప్పుకునే ప్రతివాడూ రిజిస్టర్ చేసుకోవాలి. అడ్వాన్సు 10 శాతానికి మించకూడదు, మిగతాది పని జరిగిన మేరకే ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఫీజులోంచి ఒక నిధి పెట్టాలి. పని వదిలేసి పోయినవాడి బదులు ఆ నిధి ఇంటివాళ్లకి, కార్పెంటర్లకి ముందు చెల్లించాలి. అతను వడ్డీతో సహా నిధికి తిరిగి కట్టేదాకా అతని పేరు మీదా, అతను భాగస్వామిగా ఉన్న ఏ సంస్థ పేరు మీదా రిజిస్ట్రేషన్ ఇవ్వకూడదు. ఈ నాలుగు షరతులతో బిల్లు రాయడానికి రెండు పేజీలు చాలు, వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోనే పెట్టొచ్చు.