పర్లాకిమిడి పిల్లలకి రోజుకో తెలుగు పీరియడ్ అడుగుదాం

ఒడిశా సరిహద్దులో తెలుగు గురించి మాట వచ్చిందంటే రెండే వాదనలు వినిపిస్తాయి. తెలుగు మీడియం బడులు పోయాయి, ఇంకేముంది, అంతా అయిపోయిందని ఒకరు. పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు, తెలుగు సినిమాలే చూస్తున్నారు, ఊరికే టెన్షన్ పడకండని ఇంకొకరు. నాకు రెండూ ఒప్పుకోబుద్ధి కావడం లేదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఎక్కడ చూసినా తెలుగు మాటకి వచ్చిన లోటేమీ లేదు. సంతలో, పెళ్లిళ్లలో, ఆస్పత్రి వరండాలో తెలుగు వినిపిస్తూనే ఉంది. పోతున్నది చదవడం, రాయడం. దానికోసం మళ్లీ తెలుగు మీడియం బడులు తెరిపించాలని నేను అనను. ఒకటో క్లాసు నుంచి ఐదో క్లాసు దాకా రోజుకో తెలుగు పీరియడ్ ఉంటే చాలు. ఆ ఒక్కటీ మన ఇళ్ల నుంచి గట్టిగా అడగడం లేదు, నా బాధంతా అదే.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. మాట్రిక్, అంటే పదో క్లాసు, ఒడియా మీడియంలో మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఫోన్లో హిందీ, ట్యూషన్లో ఇంగ్లీషు, నాలుగూ గడగడా మాట్లాడతాడు. టెక్కలిలో వాళ్ల పెద్దమ్మగారింటికి వెళ్లాలి, నాకూ అటే పని ఉంది, ఇద్దరం కలిసి పాతపట్నం బస్టాండుకి వెళ్లాం. మా పర్లాకిమిడి దాటితే పాతపట్నమే, రాష్ట్రం మారి ఆంధ్ర వచ్చేస్తుంది. పల్లెవెలుగు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి, ముందు అద్దం మీద ఊరి పేరు తెలుగులో ఇంతింత అక్షరాలతో రాసి ఉంది. వీడు ఆ బోర్డుల కేసి చూడనైనా చూడలేదు. నేరుగా కండక్టరు దగ్గరికి పోయి "బాబాయ్, టెక్కలి ఎల్తాదా?" అని అడిగాడు. అచ్చం శ్రీకాకుళం మాటే, ఆయనకి పరాయి ఊరివాడన్న అనుమానం ఎందుకొస్తుంది? "బోర్డు మీద రాసుంది కదా, అగుపడ్డం లేదేట్రా?" అన్నాడు. కుర్రాడి మొహం చిన్నబోయింది. తొంభై శాతం మార్కులు తెచ్చుకున్న పిల్లాడు తన మాతృభాషలో 'టెక్కలి' అన్న మూడక్షరాలు చదవలేక నలుగురిలో తల దించుకున్నాడు. ఇందులో వాడి తప్పు రవ్వంత కూడా లేదు, ఎవరూ నేర్పలేదు.

ఫోను ఈ లోటు తీర్చేస్తుందని చాలామంది అంటారు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఇవాళ చవక ఫోన్లో కూడా తెలుగు కీబోర్డు ఉంటుంది. కానీ అది ఎలా పనిచేస్తుందో ఒక్కసారి గమనించండి. 'పళ్లు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పల్లు, పళ్లు, పల్లూ అని వరసగా చూపించి ఏది కావాలో ఎంచుకోమంటుంది. ఎంచుకోవాలంటే ముందు చదవడం రావాలి కదా. చదవడం రాని పిల్లలు ఆ గొడవ ఎందుకని ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టేసి ఊరుకుంటారు, లేకపోతే వాయిస్ మెసేజ్ పెడతారు. నోటితో చెప్తే రాసిపెట్టే సౌకర్యం కూడా ఉంది గానీ, అది పేపరు భాషకి, టీవీ భాషకి బాగా అలవాటుపడినట్టుంది. మా యాసలో, మధ్యలో రెండు ఒడియా మాటలు కలిపి చెప్పామంటే ఏదేదో రాసిపెడుతుంది. తప్పు రాసిందని కనిపెట్టాలన్నా అక్షరం వచ్చినవాళ్లే కావాలి.

దీనికి గట్టి జవాబు ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కెమెరా పెడితే బోర్డు మీద ఉన్నది చదివి, అనువాదం చేసి చెప్పే యాప్‌లు వచ్చేశాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే అనువాద వేదిక మొదలుపెట్టింది, సుప్రీంకోర్టు తీర్పుల అనువాదానికి 2019లోనే సువాస్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది. ఇక లిపి నేర్చుకోవడం దేనికి అని కుర్రాళ్లు అడుగుతారు. బస్సు బోర్డుకైతే యాప్ చాలు, నిజమే. దస్తావేజుకి చాలదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, అందుకే ఇక్కడ పాత తెలుగిళ్లలో తాతల నాటి కాగితాలు తెలుగులో ఉంటాయి, అదీ గొలుసుకట్టు రాతలో, సిరా వెలిసిపోయి. అలాంటి రాత ముందు ఫోన్ కెమెరా చేతులెత్తేస్తుంది. పాతవి సరే, కొత్తవి కూడా ఉన్నాయి. మా వైపు వియ్యాలన్నీ అటూ ఇటూనే, టెక్కలి పిల్ల ఇక్కడికి కోడలిగా వస్తుంది, ఇక్కడి పిల్ల పలాస వెళ్తుంది. అవతల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులు ఎక్కువగా తెలుగులోనే రాస్తారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఇచ్చే చట్టం ఆంధ్రలో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ ఉంది. కానీ అన్నదమ్ములు తెచ్చిన కాగితం వాటా ఇచ్చేదో, హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చేదో చదివి తెలుసుకోలేని ఆడపిల్ల ఎవరి మాట నమ్మి సంతకం పెట్టాలి? ఆ సమయంలో పక్కన కూర్చున్నవాళ్ల ముందు ఫోన్ తీసి స్కాన్ చేస్తానంటే, నమ్మకం లేదా అని గొడవ. అక్షరం వస్తే ఎవరినీ అడగక్కర్లేదు, కాగితం తీసుకుని కూర్చుని చదువుకుంటుంది.

సినిమా సంగతి. తెలుగు సినిమాకి ఇవాళ దేశమంతా ప్రేక్షకులున్నారు, 2023లో తెలుగు పాటకి ఆస్కార్ వచ్చినప్పుడు మా పిల్లలు పొంగిపోయారు, నేనూ పొంగిపోయాను. ఒడియా స్నేహితుల ముందు మన పిల్లలు తెలుగువాళ్లమని గర్వంగా చెప్పుకోవడానికి సినిమా చేసినంత మేలు ఇంకేదీ చేయలేదు. అయితే సినిమా ఇచ్చేది చెవికి. పోస్టరు మీద పేరే చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటోంది, పాట సాహిత్యం నెట్‌లో వెతికితే అదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే దొరుకుతోంది. ఇంకో బాధ కూడా ఉంది. శ్రీకాకుళం యాసని తెరమీద ఎన్నో ఏళ్లుగా నవ్వించడానికే వాడారు, ఈ మధ్య కొంత మారింది గానీ ఆ ముద్ర పోలేదు. దాంతో పిల్లలు హైదరాబాదులో కాలేజీకి వెళ్లగానే ఇంటి మాట దాచుకుంటారు. జనం మాట్లాడే భాషే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. అలాంటి ఊరి పిల్లలు తమ యాసకి సిగ్గుపడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది? రాజ్యాంగంలో 350ఎ అధికరణ ఉంది, 1956లో ఏడో సవరణతో చేర్చారు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది అంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా బోధన వీలైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా అంది, అక్కడా 'వీలైన చోట' అనే ఉంది. ప్రయత్నించాలి, వీలైనంతవరకు, వీలైన చోట. చట్టాలు మన పక్షానే ఉన్నాయి గానీ, అడిగేవాడు లేకపోతే ఆఫీసులో వీలు ఎప్పటికీ కుదరదు. ఆ పైన 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులో ఒక మాట తేల్చేసింది, ప్రాథమిక విద్య మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతం చేయకూడదు, మీడియం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులది. నాకు ఈ తీర్పు మీద ఫిర్యాదు లేదు. కూలికి వెళ్లే తల్లి కూడా పిల్లాడికి ఇంగ్లీషు కావాలనుకుంటుంది, అది తప్పని చెప్పే హక్కు నాకెక్కడిది? కాకపోతే దీంతో భారం పూర్తిగా ఇంటి మీద పడింది. ఇల్లు అడగకపోతే బడి తనంతట తాను ఇవ్వదు. అందుకే మీడియం పోరాటం వదిలేసి సబ్జెక్టుగా అడుగుదాం అంటున్నాను. ఒడియా మీడియం పిల్లాడికైనా ఇంగ్లీషు మీడియం పిల్లాడికైనా తెలుగు పీరియడ్ అడ్డు రాదు.

అవతలి నుంచి సాయం వస్తుందని ఎదురుచూడటం కూడా మానేయాలి. 2019లో ఆంధ్ర ప్రభుత్వమే తన బడుల్లో తెలుగు మీడియం తీసేసి అంతా ఇంగ్లీషు మీడియం చేయాలని జీవో 81 తెచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మరి చదువుల కోసం అటు వెళ్దామంటే, ఆంధ్ర కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి, లేకపోతే ఏడేళ్లు అక్కడ ఉండాలి. ఇంట్లో ఏడు తరాలుగా తెలుగు మాట్లాడుతున్నా, పాతపట్నం బస్టాండుకి నడిచి వెళ్లగలిగినా, మన పిల్లలు అక్కడ నాన్ లోకలే. ఆ నిబంధనకి దాని చరిత్ర దానికుంది, తెలుగు చదవడం వస్తే సీటు వచ్చేస్తుందని నేను ఎవరికీ ఆశ పెట్టను. మన పిల్లలు ఒడిశా పిల్లలు, వాళ్ల చదువు అడగాల్సింది ఒడిశానే.

ఒడిశాని అడగడానికి ఒక బలమైన ఆధారం ఉంది, దాన్ని మనవాళ్లు ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. గిరిజన పిల్లలకి మొదటి తరగతుల్లో వాళ్ల సొంత భాషలోనే చెప్పి, మెల్లగా ఒడియాకి తీసుకెళ్లే బహుభాషా విద్యని ఈ రాష్ట్రం దాదాపు ఇరవై ఏళ్లుగా నడుపుతోంది. అందులో సవర భాష ఉంది, కోయ ఉంది, కువి ఉంది. అంటే ఇంటి భాష వేరైతే పిల్లాడికి చదువు కష్టమవుతుందన్న సంగతి ఒడిశా ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది, పుస్తకాలు వేసింది, టీచర్లని పెట్టింది. గజపతి జిల్లా కొండల్లో సవర పిల్లలకి చేసిన పనినే, ఇంకా చిన్న స్థాయిలో, కింద పట్నంలో తెలుగు పిల్లలకి చేయమంటున్నాం. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా కావాలి. గుణుపురం వైపు ఒకే క్లాసులో సవర పిల్లలూ తెలుగు పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు. మన పీరియడ్ కోసం వాళ్ల పీరియడ్ తగ్గితే ఆ పని నాకు వద్దు. గిడుగు వారు తెలుగు కోసం ఎంత చేశారో సవరల కోసమూ అంత చేశారు, ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బడులు పెట్టి, సవర వ్యాకరణం రాశారు, అది 1931లో అచ్చయింది. పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు మనసు ఒప్పక రాజమండ్రి వెళ్లిపోయారు. మనం వెళ్లిపోలేదు, ఇక్కడే ఉన్నాం, ఇక్కడే ఉంటాం, కాబట్టి పక్కవాళ్ల భాషతో కలిసే అడగాలి.

ఇక అడగడం ఎలాగన్నది. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది, అల్పసంఖ్యాక భాషల రక్షణకి ఇప్పటికీ అదే ప్రమాణంగా చెబుతారు. బడి మొత్తంలో ఆ భాష పిల్లలు 40 మంది ఉన్నా, ఒక క్లాసులో 10 మంది ఉన్నా, ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచరుని ఇవ్వాలి. మా పట్నంలో చాలా వీధుల బడుల్లో 40 మంది తెలుగు పిల్లలు తేలిగ్గా ఉంటారు. కానీ కాగితం మీద ఉండరు. అడ్మిషన్ ఫారంలో మాతృభాష అన్న గడి ఉంటుంది, మన తల్లిదండ్రులే అక్కడ 'ఒడియా' అని రాయించేస్తారు. టీచరు అడిగితే మొహమాటం, బడి ఒడియా కదా అదే రాయాలేమో అన్న భయం, కొన్నిసార్లు టీచరే అడక్కుండా నింపేస్తారు. తెలుగు పిల్లలే లేని బడికి తెలుగు టీచరు దేనికని ఆఫీసువాళ్లు అంటే మన దగ్గర జవాబుండదు. ముందు ఆ గడి సరిచేయించాలి. ఇప్పటికే చేరిపోయిన పిల్లల విషయంలో హెడ్మాస్టరుకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అందినట్టు సంతకం తీసుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉంటారు, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మీటింగుకి పిలిస్తే టీ తాగి సంతకం పెట్టి వచ్చేయకుండా, తెలుగు పీరియడ్ కావాలన్న తీర్మానం పుస్తకంలో రాయించి, దాని నకలు బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసులో ఇవ్వాలి.