నల్లరేగడిలో ఎత్తైన ఆఫీసులు కుంగిపోతాయా?

"మంగళగిరి, తాడేపల్లి వైపు అంతా నల్లరేగడి. పదంతస్తులు దాటి ఆఫీసులు కడితే కుంగిపోతాయి. కాస్త తవ్వితే నీళ్లే. పైగా భూకంపాల జోన్." ఈ మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఇక్కడే ఆఫీసులొస్తే పిల్లలు హైదరాబాద్ వెళ్లక్కర్లేదని ఆశపడినవాళ్లు కూడా ఇది చదివి నీరుగారిపోతున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్పాలనిపించింది.

ముందు నేల సంగతి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. కానీ ఈ ఆట ఎక్కువగా పైనున్న కొద్ది మీటర్లలోనే. దానికి దెబ్బతినేది తక్కువ లోతు పునాది మీద కట్టిన చిన్న ఇల్లు, కాంపౌండ్ గోడ. వాటి బరువు చాలదు కాబట్టి నేల ఉబ్బితే పైకి లేస్తాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట, వానాకాలం బిగుసుకుపోయే తలుపు మనందరికీ తెలిసినవే. పెద్ద భవనం ఆ మట్టి మీద కూర్చోదు. సెల్లార్ తవ్వినప్పుడే ఆ పొర చాలావరకు పోతుంది. కింద గట్టినేల దొరక్కపోతే పైల్స్, అంటే పొడవాటి కాంక్రీటు స్తంభాలు, నేలలోకి దింపి బరువును లోతు పొరలకు అప్పగిస్తారు. నల్లరేగడి కోసమే, అడుగున బల్బులా వెడల్పయ్యే పైల్స్‌ని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే తీర్చిదిద్దింది. 632 మీటర్ల షాంఘై టవర్ నిలబడింది కూడా నది మేటవేసిన మెత్తటి నేలలోనే.

ఇక నీళ్లు. అమరావతి సచివాలయ టవర్ల రాఫ్ట్ పునాదులు (భవనం అడుగంతా పరిచే మందపాటి కాంక్రీటు పలకలు) పనులు ఆగిపోయి ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ ఫొటోలే మెసేజ్‌కి ప్రాణం. 2024 ఆగస్టులో ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చి వాటిని పరిశీలించారు. తర్వాత నీళ్లు తోడి, 2025లో పనులు మళ్లీ మొదలుపెట్టారు. ఈ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

భూకంపాల మాటకొస్తే, 2016 నాటి భారతీయ ప్రమాణంలో విజయవాడది మూడో జోన్, అంటే ఒక మోస్తరు ముప్పు. ముంబై, కోల్‌కతాలదీ అదే. 2001 భుజ్ భూకంపానికి అహ్మదాబాద్‌లో కూలినవాటిలో, పార్కింగ్ కోసం కింద పిల్లర్లు మాత్రమే వదిలిన నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. ప్రాణాలు తీసింది ఎత్తు కాదు, డిజైన్ లోపం.

వరద భయం మాత్రం నిజమే, దాన్ని కొట్టిపారేయను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచిన తీరు ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. ఇటువైపు కొండవీటి వాగు ఉంది. దాని నీళ్లు కృష్ణలోకి ఎత్తిపోయడానికి 2018లో ఉండవల్లి దగ్గర పంపులు పెట్టారు. నిలదీయాల్సింది ఇక్కడే. వాగు పోరంబోకు వదిలారా? వానకాలువ ఎక్కడ కలుస్తుంది? జనరేటర్, కరెంటు ప్యానెళ్లు సెల్లార్‌లో పెట్టారా, పైకెత్తి పెట్టారా? సాయిల్ టెస్ట్ రిపోర్టు చూపిస్తారా? అనుమతి ఇచ్చేవాళ్లని అంతస్తుల లెక్క కన్నా ముందు ఇవి అడగండి.